కులమణి మౌసా ప్రింటరు, తోఫాన్ మీసం

కటక్ కోర్టు వెనక సందులో ప్రింటు కొట్టు నడుపుతూ, ఊరందరిచేతా మౌసా, అంటే బాబాయ్, అనిపించుకునే కులమణికి ఒకటే జబ్బు. తన ప్రింటరు ఆఫ్‌లైన్‌లోకి పోతే ఆయనకు పండగ. ఇంకొకరైతే నెత్తి బాదుకుంటారు. మౌసా మాత్రం కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, పెళ్లివారికి ఎదురెళ్లినట్టు, "ఆఫ్‌లైన్! కూర్చోండి, టీ తాగండి" అంటాడు. ఆ వైర్‌లెస్ ప్రింటరు కోసం కాచుకుని కూర్చుని కుర్రాళ్లకు మీసాలు మొలిచాయి, మీసాలున్నవాళ్లకు నెరిశాయి. ఈలోగా కాఠజోడి నది ఎండి మళ్లీ పొంగింది. అబద్ధమైతే నదినే అడగండి.

దానికి వైద్యుడు తోఫాన్. ఇంజనీరింగు మధ్యలో వదిలేశాడు. "నేను వదల్లేదు, నాకు చెప్పడానికి వాళ్ల దగ్గర సరుకైపోయింది" అంటాడు. తన చెయ్యి తగిలితే చచ్చిన యంత్రాలు లేచి దండం పెడతాయట. ఇక అతని మీసం! ఒక్కో కొన మీద ఒక్కో నిమ్మకాయ నిలబెట్టొచ్చు. ఆ మీసానికి లొంగనిది ఊరు మొత్తమ్మీద ఈ ప్రింటరొక్కటే.

"మౌసా, ఈ దరిద్రాన్ని అమ్మేసి తీగ ఉన్నది కొనరాదూ?"

"అలిగాడని అల్లుణ్ణి అమ్ముకుంటామట్రా?"

దాని అలక్కి పద్ధతంటూ లేదు. హాల్ టికెట్లు చకచకా వస్తాయి. పెళ్లి పత్రికలు జారుకుంటూ వస్తాయి. ఒక పంతులమ్మ రాజీనామా తెస్తే మాత్రం ఠపీమని ఆఫ్‌లైన్. విడాకుల నోటీసు తెచ్చిన మొగుడూ పెళ్లాలకూ అంతే. మౌసా వాళ్లకు టీ పోసి, "ఇంతకీ మీ ఇంట్లో గుర్రు పెట్టేదెవరు?" అని కదిపాడు. మొగుడి గుర్రును ఆవిడ గొంతుతో చేసి చూపించింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వి, కాగితం సంగతి మరిచి ఇంటికెళ్లారు. తోఫాన్‌కు జనం దగ్గర మిగిలింది చీవాట్లే: "ఏం మెకానిక్కువయ్యా నువ్వు!"

చివరికొక రోజు పట్టుబట్టి కూర్చుని రోగం కనిపెట్టాడు. బల్ల కిందున్న వైఫై రౌటరు ఆగి వెలిగినప్పుడల్లా ప్రింటరుకు కొత్త చిరునామా ఇస్తోంది. కంప్యూటరు పాత చిరునామాకే పోయి తలుపు కొట్టి, ఎవరూ లేరని తిరిగొస్తోంది. తోఫాన్ ప్రింటరుకు చెక్కుచెదరని చిరునామా కట్టబెట్టాడు. రౌటరు అసలెందుకు ఆగుతోందో అంతుపట్టలేదు. కింది ప్లగ్గు స్విచ్చు వదులైందేమోనని రౌటరును అక్కణ్ణుంచి పీకి, గోడ మీద ఎత్తుగా, జగన్నాథుడి పటం పక్కన బిగించాడు.

మౌసా ముఖం వాడిపోయింది. "అంతెత్తునెందుకురా?"

"కింద మీ కాళ్లు తగుల్తున్నాయి మౌసా. ఇక ఇది ఆఫ్‌లైనయిందంటే నా మీసం ఒక పక్క గొరిగించుకుంటా!"

పక్క దుకాణం మంగలి గోలక్ బారిక్ కత్తి నూరుకుంటూనే వచ్చి గడపలో నిలబడ్డాడు. "నేను సాక్షిని!"

అప్పుడే నటబర్ దూసుకొచ్చాడు. అన్నతో కలిసి ఒకే బండి మీద దహీబరా అనే పెరుగు గారెలు, ఎర్రటి ఆలూదమ్ కూర అమ్ముతాడు. కళ్లు ఆలూదమ్ కన్నా ఎర్రగా ఉన్నాయి.

"తోఫాన్ భాయ్, ఫోన్లోంచి పంపా, ప్రింట్ తియ్. మా అన్నకు నోటీసు. నేటితో బండి వేరు, పొయ్యి వేరు!"

"ఏమైందిరా?"

"నా ఆలూదమ్‌లో కారం ఎక్కువన్నాడు. పదిమంది ముందు! పదిమంది ముందు, భాయ్!"

మౌసా అలవాటుగా "ఆఫ్‌లైన్" అనబోయి ప్రింటరు కేసి చూశాడు. ప్రింటరు పచ్చగా, కొత్త పెళ్లికొడుకులా వెలుగుతోంది.

టిక్. టిక్. బల్ల కిందేదో చప్పుడు. తోఫాన్ వంగి చూశాడు. మౌసా కాలి బొటనవేలు పాత ప్లగ్గు స్విచ్చును నొక్కుతోంది, మళ్లీ నొక్కుతోంది. ఏళ్ల రాపిడికి ఆ స్విచ్చు గులకరాయిలా నున్నబడింది. అది ఆపాల్సిన రౌటరేమో ఇప్పుడు జగన్నాథుడి పక్కన హాయిగా మెరుస్తోంది.

పంతులమ్మ, గుర్రు, టీలు, అన్నీ ఒక్కసారిగా తోఫాన్ బుర్రలో వెలిగాయి. లేచి నిలబడ్డాడు. ఎన్నడూ ఎవరినీ బతిమాలని మౌసా కళ్లు బతిమాలుతున్నాయి. ఒక పక్క అన్నదమ్ముల పొయ్యి, ఇంకో పక్క మీసం. తోఫాన్ మీసాన్ని ఆఖరిసారి నిమిరాడు. ప్రింటరు పచ్చ దీపానికి వీపు అడ్డం పెట్టాడు.

"ఆఫ్‌లైన్," అన్నాడు. "కూర్చో నటబర్. టీ తాగు."

గోలక్ వేసిన కేక పూరీ దాకా వినిపించింది. క్షణంలో సబ్బు నురగ, కత్తి, జనం. నటబర్ మొదట పళ్లు బిగబట్టాడు. ఎడమ కొన రాలేసరికి కిసుక్కుమన్నాడు. తోఫాన్ అద్దం చూసుకుని "అమ్మా!" అనేసరికి బల్ల మీద పడి దొర్లాడు.

భుజాన గుడ్డతో అన్న పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడున్నావా! నువ్వు లేకపోతే ఆలూదమ్ చప్పగా ఉందని జనం నన్ను తిడుతున్నార్రా. పద!"

నటబర్ నవ్వు ఆపుకుని గడ్డం ఎత్తాడు. "ఆ మాట పదిమంది ముందు చెప్పు."

అన్న సందు నడిమధ్యన నిలబడి చెప్పాడు. పదిమంది చాలరని గోలక్ ఇంకొందరిని పిలుచుకొచ్చాడు.

అన్నదమ్ములు వెళ్లాక తోఫాన్ మిగిలిన సగం మీసం మెలేస్తూ అడిగాడు. "ఈ సంగతి నాకు ముందే చెప్పొచ్చుగా మౌసా?"

"ఏ సంగతి?" అంటూ మౌసా కళ్లజోడు తుడుచుకున్నాడు. "సిరా దండగరా. రేపు చింపేసే కాగితానికి తగలెయ్యడమెందుకు?"

తోఫాన్ స్టూలెక్కి రౌటరును దింపి, బల్ల కింద పాత ప్లగ్గుకే తగిలించాడు. తర్వాత బల్లను ఒక జానెడు స్విచ్చున్న గోడ వైపు జరిపాడు. మౌసాది పొట్టి కాలు, పాపం.