అయిదు గంటల మిస్డ్ కాల్

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మా వైపు పిల్లల కంటే ముందు టీచర్లకు జ్వరం వస్తుంది. ఒక్కొక్కరం ఏడెనిమిది మంది పిల్లల్ని దత్తు తీసుకోవాలి. దత్తు అంటే ఇంటికి తెచ్చి పెంచుకోవడం కాదు, వాళ్లు పాసయ్యే పూచీ మనదని. తెల్లవారి అయిదింటికి ఫోను చేసి నిద్ర లేపడం కూడా ఆ పూచీలోదే. మాట్లాడే పని లేదు. మనం ఒకసారి మోగించి పెట్టేస్తాం, లేచామన్న గుర్తుగా వాళ్లు తిరిగి ఒకసారి మోగిస్తారు. పుస్తకంలో ఆ పేరు ఎదుట టిక్కు పెట్టుకుంటాం.

నేనుండేది కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో. గుడిబండె దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఆ ఏడాది నా దత్తు పిల్లలు ఏడుగురు. ఆరుగురిని లేపాలంటే మూడేసి సార్లు మోగించాలి. ఏడో పిల్ల మాత్రం నేను ఫోను కింద పెట్టకముందే తిరిగి మోగించేది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, నా పీరియడ్‌లో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నలిగి మా పిల్లలు వ్యాసాలు బట్టీ కొడతారు. ఆవు గురించి అడిగినా పండగ గురించి అడిగినా అవే నాలుగు వాక్యాలు రాస్తారు. ఈ పిల్ల ఒక్కతే సొంతంగా రాసేది. వాళ్లమ్మ గులాబీలు పెంచే షెడ్డులో కూలి. ముళ్లు గీసుకున్న చేతులు మంట పుడతాయని అమ్మ తనకు జడ వేయదని, తానే అమ్మకు జడ వేస్తానని ఒకసారి రాసింది. తప్పులు లేకపోలేదు. నేను ఎర్ర పెన్ను పక్కన పెట్టేసి స్టాఫ్‌రూంలో అందరికీ చదివి వినిపించాను. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చింది ఆమె ఒక్కతే. పాసయితే బాగేపల్లి కాలేజీలో నేనే చేర్పిస్తానని మాట ఇచ్చాను.

ఆ సోమవారం ఆమె బడికి రాలేదు. ప్రార్థన అయ్యాక వాళ్ల వీధి పిల్ల ఒకతి నా దగ్గరకు వచ్చి, "వాళ్లమ్మ కాలు ఇరిగిండాది మేడం. మిమ్మల్ని ఈ పొద్దే ఒకసారి ఇంటికి వచ్చిపొమ్మని ఆ పాప చెప్పె" అంది.

ఎందుకు రమ్మందో నేను అడగలేదు. చేతిలో పేపర్ల కట్ట, ఎదురుగా హెడ్మాస్టరు. శనివారం ఒంటిపూట బడి కదా, అప్పుడు వస్తానని చెప్పమన్నాను.

మంగళవారం చిక్కబళ్ళాపురలో శిక్షణ. పిల్లలకు ఇంగ్లీషు సంతోషంగా ఎలా నేర్పాలో పొద్దంతా చెప్పారు. వినేవాళ్లలో ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు. బుధవారం ఓటర్ల జాబితా పని. పక్క ఊళ్లో నలభై గడపలు ఎక్కి దిగాను. ఎక్కవలసిన గడప ఒక్కటి ఎక్కలేదు. గురువారం సెలవు పెట్టినవాళ్ల క్లాసులు కూడా నా నెత్తినే పడ్డాయి. శుక్రవారం ఉపన్యాస పోటీకని నలుగురు పిల్లల్ని చింతామణి తీసుకెళ్లాను. బస్సులో వాంతులు చేసుకున్న ఇద్దరి బట్టలు నేనే ఉతికాను.

మధ్యలో ఆ పిల్ల గుర్తు రాకపోలేదు. అమ్మను చూసుకుంటోందని క్లాసులో చెప్పారు. రోజూ అయిదింటికి ఫోను తిరిగి మోగుతూనే ఉంది. లేస్తోంది కదా, ఇంట్లోనే చదువుకుంటోందిలే అనుకుని టిక్కు పెట్టుకున్నాను. ఎంత తేలికో, టిక్కు పెట్టడం.

శనివారం మధ్యాహ్నం వెళ్లాను. తల్లి లోపల మంచం మీద ఉంది. వాళ్లవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పిల్ల యాడుందని అడిగితే పనికి పోయిందని చెప్పింది. తల్లి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని షెడ్డువాళ్లు అన్నారట. బుధవారం నుంచి తల్లికి బదులు పిల్ల పోతోంది. నాలుగున్నరకే వ్యాను వస్తుంది.

మరి అయిదింటికి నాకు ఫోను చేసేదెవరని అడిగాను.

"నేనేనమ్మా. నీ ఫోను మోగితే తిరిగి ఒక్కసారి మోగీమని నేర్పిచ్చిపొయ్యె. లేకుంటే మేడం బాధపడతారనె."

నా పుస్తకంలోని నాలుగు టిక్కులు ఆ ముసలమ్మవి. అది చాలదన్నట్టు, లోపలినుంచి తల్లి అంది: "రెండు దినాలు పిల్ల నీ కోసమే చూసెమ్మా. మేడం వచ్చి చెప్తారు, అంతవరకు తాళండని మమ్మల్ని బతిమాలి బంగపోయె. నువ్వొచ్చి ఒక మాట చెప్పింటే మా చెల్లెల్ని నా బదులు పంపించేవాళ్లం. ఆమె మొన్న ఇంకా యాడనో పనికి కుదురుకునె."

నేను గొంతు పెంచాను. ఇంత చిన్న పిల్లను పనిలో ఎట్లా పెట్టుకుంటారన్నాను, వెళ్లి షెడ్డువాళ్లతో మాట్లాడతానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ పని కూడా పోతే ఇంట్లో తినేదెట్లాగో చెప్పమని తల్లి నెమ్మదిగా అడిగింది.

తర్వాత చాలాసార్లు వెళ్లాను, ఎవరూ పిలవకుండానే. షెడ్డుకూ వెళ్లాను, తాలూకా ఆఫీసుకూ వెళ్లాను. నాకు భయపడి షెడ్డువాళ్లు పిల్లను తీసేశారు. పది రోజులకే ఇంట్లోవాళ్లు ఆమెను దూరంగా, గౌరిబిదనూరు పక్కన ఇంకో తోటకు పంపించారు. పరీక్ష రోజు ఆమె బెంచీ ఖాళీగా ఉంది.

కానీ ఇప్పటికీ నన్ను వదలనిది ఆ శనివారం సాయంత్రం. వ్యాను దిగి వచ్చిన పిల్ల నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. తప్పు నాదేనని, సోమవారమే రావలసిందని చెప్పాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకుని ఉంటే బాగుండేది.

"మీకు పనులు జాస్తి కదా మేడం. నాకు తెలుసు" అని, కాళ్లు కడుక్కుని నాకు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పనులు నిజంగానే జాస్తి. వాటిలో ఏ ఒక్కటీ ఆ సోమవారం నేను ఒక గంట లేకపోతే ఆగిపోయేది కాదు.