ఉప్పునేలలో మంచినీళ్ల బావి

ఢిల్లేశ్వరరావు రాసిన బోర్డులు రంగూన్‌లోని తామ్వే పేట వీధుల్లో అడుగడుగునా కనిపించేవి. టీకొట్టు కానీ, కుట్టుపని దుకాణం కానీ, పంటివైద్యుడి గది కానీ, అక్షరం అతనిదే. బర్మా లిపి అంతా సున్నల సంసారం. మణికట్టు ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపున తిరిగితేనే ఆ సున్న సున్న అనిపించుకుంటుంది. మనదీ గుండ్రని లిపే గనుక తెలుగువాడి చేతికి ఆ విద్య సులువుగా అబ్బుతుందని అతని నమ్మకం. ఇంత నమ్మకం ఉన్నవాడూ తెలుగులో రాసిన బోర్డు ఒక్కటే, అది అమ్మవారి గుడి గుమ్మం మీద ఉంది. తక్కినవన్నీ పుట్టిన దేశపు అక్షరాలే.

పుట్టిన దేశం అన్న మాటకు కాగితం మీద రుజువు కావాలన్న సంగతి అతనికి 1988లో, యాభయ్యో ఏట తెలిసింది. ఆ యేడు కూతురు తార పదో తరగతి పరీక్షలో, ఆ దేశంలో కళాశాలకు దారి అదే గనుక, వైద్యవిద్యకు సరిపడే మార్కులు తెచ్చుకుంది. అయితే పౌరసత్వపు కార్డు లేనివాళ్లను వైద్యకళాశాల గడప తొక్కనివ్వరు. ఆ కార్డులిచ్చే ఆఫీసులోని అధికారి మర్యాదస్థుడే. అతను కుర్చీ చూపించి మరీ చెప్పాడు: "ఈ అమ్మాయి ముత్తాత కాలం నుంచి మీరు ఇక్కడే ఉన్నట్టు ఏదైనా ఆధారం తీసుకురండి. నోటి మాట చాలదు."

ఆధారం ఎక్కడిది? తాత బంగారురాజు కాగితాలు దాచుకున్న ఇనప్పెట్టె, యుద్ధంలో బాంబులు పడిననాడే రేవు కూలీల బారకాసులతోపాటు కాలిపోయింది. మిగిలింది తండ్రి చివరి జ్వరంలో అన్న ఒక మాట. ఎగువ బర్మాలో, ఉప్పు చెరువుల నడుమ హలిన్ అనే ఊళ్లో, తాత మంచినీళ్ల బావి తవ్వించి రాయి వేయించాడట. ఇది నమ్మదగిన మాటే. బర్మాలో బావి తవ్వించినా, సత్రం కట్టించినా, గుడికి నాలుగు మెట్లు వేయించినా, దాత పేరూ సంవత్సరమూ రాతి మీద చెక్కించి పుణ్యాన్ని లోకానికంతా పంచిపెట్టడం ఆచారం. మన దేశంలో రాజులు శాసనాలు వేయించారు. అక్కడ ఇడ్లీలమ్ముకునే ఆవిడ సైతం వేయించగలదు.

అతడు మూట కడుతుంటే తల్లి సూరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు.

"ఏటిరా డిల్లీ, ఎక్కడికి?"

"హలిన్ ఎల్తన్నానమ్మా. తాత నుయ్యి సూసొస్తాను."

"ఆ ఉప్పూర్లో ఏటుంది? మీ బాబు జొరంలో ఏదో పేలినాడు, అదట్టుకుని బయల్దేరిపోతావా? నుయ్యీ నేదు, గియ్యీ నేదు."

"ఉందో నేదో సూస్తే తెలిసిపోద్ది కదా."

"తెలిసిపోద్దంట! ఊరంతా గొడవలు. మజ్జిలో రైలాగిపోతే నిన్ను మోసుకొచ్చేదెవులు, నానా?"

"యా బాదె నానమ్మా, ఏటీ కాదులే," అంది తార, ఫరవాలేదన్న బర్మా మాట కలిపి.

"నువ్వు నోర్ముయ్యే గుంటా! నీకోసమే కదా ఈ తిరుగుడంతా."

తల్లి గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది అతనికి. భయం అల్లర్లను గురించే అనుకున్నాడు.

జూలై నెలాఖరున రైలెక్కాడు. రంగూన్‌లో ఆకాశం చిల్లులు పడినట్టు వాన. మాండలే దాటేసరికి చినుకు లేదు, పచ్చదనమూ లేదు. పడమటి కొండలు మేఘాలను అవతలే ఆపేసుకుంటాయి గనుక ఇవతలి నేల వానకారులోనూ నోరు తెరుచుకునే ఉంటుంది. ఎర్రమట్టి, నాగజెముడు, దూరదూరంగా తాటిచెట్లు. ష్వేబోలో రైలు దిగి ఎద్దుబండి కట్టించుకున్నాడు. దారిలో రెండు ఉప్పు చెరువులు తగిలాయి. నీళ్లు వెనక్కి తగ్గిన మేర ఒడ్డంతా తెల్లగా పేరుకుని, ఎండలో కళ్లు విప్పనీయలేదు. ఒక్క పక్షి వాలలేదు.

శ్రీకాకుళం సీమ నుంచి వచ్చిన కుటుంబాలకు ఉప్పంటే నౌపడ మళ్లే. అక్కడ సముద్రాన్ని మళ్లలోకి తెచ్చి నిలబెడితే తక్కిన పని ఎండ చూసుకుంటుంది. ఇక్కడ సముద్రం లేదు. నేలమీద పొంగిన తెల్లటి పొడిని గీకి, నీళ్లలో కలిపి వడగట్టి, ఆ ఊటను పొయ్యి మీద మరిగిస్తే తప్ప గుప్పెడు ఉప్పు రాదు. అందుచేత ఈ ఊళ్లలో కట్టెపుల్ల అపురూపం, మంచినీళ్లు అంతకంటే అపురూపం.

హలిన్ ఒకప్పుడు నగరం. వెయ్యేళ్లకు పైబడిన, ప్యూ అనే ప్రాచీన ప్రజల కోటగోడలు ఇప్పటి చేల గట్ల కింద నుంచి తొంగిచూస్తుంటాయి. బండివాడు ఒక ఇటుకను చేతికిచ్చి చూడమన్నాడు. పచ్చిమట్టి మీద ఎవరో మూడు వేళ్లు లాగిన చాళ్లు దాని మీద స్పష్టంగా ఉన్నాయి. ఎందుకు లాగేవారో తెలిసినవాళ్లు లేరు. ఢిల్లేశ్వరరావు తన మూడు వేళ్లూ ఆ చాళ్లలో పెట్టి చూసుకున్నాడు. ఎవరి చెయ్యో, ఆ మనిషి పేరేమిటో! రాతి మీద పేరు వెదుక్కుంటూ వచ్చినవాడికి ఆ ఇటుక కాసేపు మనసులో బరువుగానే మిగిలింది.

బావి నిజంగానే ఉంది. ఊరి చివర ఒక ముసలమ్మ నీళ్లు తోడుతోంది. పేరు డా సేన్. 'డా' అన్నది పెద్ద వయసు ఆడవాళ్లకు ఆ దేశంలో ఇచ్చే గౌరవం; పడుచువాళ్ల పేరు ముందైతే 'మా' అంటారు.

"ఇది కలా బావి," అందామె. కలా అంటే ఇండియావాడు. "చుట్టూ ఎక్కడ తవ్వినా ఉప్పే పడుతుంది బాబూ. ఇదొక్కటే తియ్యన. రాయి వెనకాల ఉంది, చూసుకో."

రాతి అంచులను ఉప్పుగాలి కొరికేసినా అక్షరాలు నిలిచాయి. అక్షరమే వృత్తి అయినవాడు గనుక అతడు వేలితో తడుముతూ చదివాడు. 'బర్మా శకం 1272. కళింగ దేశం నుంచి వచ్చిన రైల్వే మేస్త్రీ బంగారురాజు, హలిన్ గ్రామపు ఆడపడుచు మా మ్యా యిన్, ఈ భార్యాభర్తలు దానం చేసిన బావి. ఈ పుణ్యంలో అందరికీ సమానంగా పాలు దక్కుగాక.'

1272 అంటే ఇంగ్లీషు లెక్కలో 1910. మూడుసార్లు చదివాడు. ఇంట్లో దండ వేసిన పటంలోని నాయనమ్మ అచ్చమ్మ. ఇచ్ఛాపురం పిల్ల. ఈ మా మ్యా యిన్ ఎవరు?

సంస్కృతంలో ఇద్దరిని చెప్పడానికి ద్వివచనమని ప్రత్యేకంగా ఒకటుంది. ఆలుమగలను ఆ భాష ఎప్పుడూ అందులోనే చెబుతుంది. తెలుగు ఆ సొగసును వదులుకుని ఇద్దరినీ వందమందినీ ఒకే బహువచనంలో కలిపేసింది. బర్మావాళ్ల దానశిలల మీద మాత్రం భర్త పేరు ఒంటరిగా కనబడడం అరుదు. ఇద్దరూ కలిసి ఇస్తేనే మళ్లీ జన్మలో ఇద్దరూ కలుస్తారని వాళ్ల విశ్వాసం.

"ఉప్పు వండేవాళ్ల పిల్ల," అంది డా సేన్ చేద కింద పెట్టి. "మా అమ్మ చెప్పేది. మంచినీళ్లకు రోజూ రెండు కోసులు నడిచేదట. ఆయన చూడలేక తవ్వించాడు. కొడుక్కి మూడేళ్లప్పుడు ఆవిడ పోయింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆయన రంగూన్ వెళ్లిపోయాడు." ఆగి అతని ముఖంలోకి చూసింది. "ఆ పిల్లాడి కొడుకువా నువ్వు?"

"అవును."

ఆమె ఏమీ ఆశ్చర్యపడలేదు. చేదలో మిగిలిన నీళ్లు అతని దోసిట్లో పోసింది.

కెమెరా లేదు. పల్చటి కాగితాన్ని తడిపి రాతికి అద్ది, గుడ్డ ఉండతో నల్లరంగు తట్టి అక్షరాల అచ్చు తీయాలి. మంచినీళ్లు పాడుచేయడం ఎందుకని మొదటిసారి పక్క చెరువు నీళ్లతో తడిపాడు. ఆరేసరికి ఉప్పు పేరి కాగితం పెళపెళ విరిగిపోయింది. రెండోసారి బావి నీళ్లే వాడాడు. నల్లని రంగు మధ్య అక్షరాలు తెల్లగా లేచాయి. ఆ పేరూ లేచింది.

మర్నాడు బయలుదేరుదామనుకుంటుండగా మఠంలోని రేడియో ఆగస్టు ఎనిమిది సంగతులు చెప్పింది. రంగూన్ వీధుల్లోకి లక్షల జనం వచ్చారు, కాల్పులు జరిగాయి. ఇరవయ్యారేళ్లుగా తలుపులు మూసుకుని బతికిన దేశం ఒక్కసారి గొంతెత్తింది. రైళ్లు ఆగిపోయాయి. ఉత్తరం లేదు, తంతి లేదు. నెల పైచిలుకు అతడు మఠంలో తలదాచుకుని, భిక్షువుల పాఠశాల గోడ మీద అక్షరమాల రాసిపెట్టి, పెట్టింది తిన్నాడు. పగలు ఎలాగో గడిచేది. సాయంత్రం రేడియో ముందు కూర్చున్నప్పుడు మాత్రం ప్రతి గురగురలోనూ తార గొంతు కోసం వెదికేవాడు.

సెప్టెంబరు రెండో వారంలో లారీల మీద కొంత, కాలినడకన కొంత, అచ్చును వెదురుగొట్టంలో పెట్టుకుని తామ్వే చేరాడు. తార క్షేమంగా ఉంది. నినాదాలు అరిచీ అరిచీ గొంతు మూగబోయింది.

కాగితం చాప మీద పరిచాడు. తార చదివింది. సూరమ్మ కాగితం వంక చూడనే లేదు.

"నీకు తెలుసు కదమ్మా?"

"తెల్దా మరి! పటంలో ఆవిడ పెంచిన తల్లేనని మీ బాబు పెళ్లైన యేడే సెప్పినాడు. ఎవురికీ సెప్పకన్నాడు."

"ఏటికి దాసేరు?"

"ఏటికా? అమ్మవారి సంబరంలో మొదటి ఘటం మనింటి ఆడదే ఎత్తుద్ది. అటూ ఇటూ ఇచ్చాపురపోళ్లనే కదా ఆ వొరస మనకిచ్చేరు? రేపు ఎంకటరాజు సెవినబడితే మన సేత ఘటం ఎత్తనిస్తాడా?"

గుడి పెద్ద వెంకటరాజు మంచివాడే. కాకపోతే వరసల విషయంలో గట్టివాడు. ఇక్కడే ముడి పడింది. రాయి అన్నది రాయే. దాని మీది మనుషులు ఈ ఇంటివాళ్లేనని ఇంటి పెద్ద ఒకరు ప్రమాణం చేసి చెప్పాలని అధికారి ముందే అన్నాడు. బతికున్న పెద్ద సూరమ్మ ఒక్కతే.

ఢిల్లేశ్వరరావు బతిమాలలేదు. కాగితం చుట్టి అటక మీద పెట్టేశాడు. నాలుగు రోజులకు సైన్యం గద్దెనెక్కింది. మళ్లీ కాల్పులు, కర్ఫ్యూ, మూతపడిన ఆఫీసులు. తారతోపాటు ఊరేగింపుల్లో నడిచిన పిల్లల్లో ఇద్దరు ఇళ్లకు తిరిగి రాలేదు. తార పగలంతా కిటికీ దగ్గర కూర్చునేది. సూరమ్మ వంటింట్లోంచి ఆ పిల్లను చూస్తూ ఉండేది.

అక్టోబరులో ఆఫీసు తెరిచారన్న కబురు వచ్చిన ఉదయం, సూరమ్మ ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడింది.

"దించరా ఆ కాయితం."

"అమ్మా, బాగా ఆలోసించేవా?"

"గుంట తుపాకుల ముందు నిలబడి గొంతు పోయేదాకా అరిసింది. నానొక్క పేరు సెప్పలేనా? నడు."

ఆఫీసు గుమ్మం దగ్గర తుపాకీతో కొత్తగా ఒక సిపాయి. లోపల అదే అధికారి, కొంచెం చిక్కాడు. అచ్చును బల్ల మీద పరిపించి, కాగితం ముందుకు లాక్కుని అడిగాడు.

"మీ మామగారి పేరు?"

సూరమ్మ కొడుకు వంక చూసింది. అత్తమామల పేర్లు నోటితో పలకకూడదన్న కట్టుబాటు ఆ తరం ఆడవాళ్లది. రేషను దుకాణంలోనైనా సరే, భర్త పేరు కొడుకు చేతనే చెప్పించిన మనిషి ఆమె. ఢిల్లేశ్వరరావు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"మీరు కాదు," అన్నాడు అధికారి. "ఆవిడే చెప్పాలి."

పంకా తిరుగుతోంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. "బంగారురాజు," అంది.

"అత్తగారి పేరు?"

"మా మ్యా యిన్. హలిన్ ఊరు." బర్మా మాటల్లో, స్పష్టంగా, పక్క బల్లల వాళ్లకు కూడా వినిపించేలా చెప్పింది. "నా మొగుడు ఆవిడ కొడుకు. ఈడు ఆవిడ మనవడు."

అధికారి రాసుకుని, ఆమె బొటనవేలు సిరాలో అద్దించాడు. కార్డు ఆ డిసెంబరులో వచ్చింది. అల్లర్లప్పుడు మూసేసిన కళాశాలలు తెరవడానికి మరో రెండున్నరేళ్లు పట్టింది, అయినా తార చదివింది. ఘటం ఆ మరుసటి సంబరానికే వేరే ఇంటికి వెళ్లింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు మాత్రం తల్లీ కొడుకులు బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. సూరమ్మ సిరా అంటిన వేలును కొంగుకు తుడుస్తూ తుడుస్తూ, ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"ఆవిడ కుడిసెయ్యి మీద కాలిన మచ్చుండేదంట. ఉప్పు బాన తగిలి."

"ఎవులు సెప్పేరు?"

"మీ బాబు. అప్పటికి మూడేళ్లు కదా, తల్లి మొకం గురుతు నేదు. ఆ సెయ్యొక్కటే గురుతు. నిద్దరపట్టకపోతే దాని మీద సెయ్యేసుకునేవోడంట."

"ఇంకా?"

"ఏదో పాట పాడేదంట. మీ బాబుకి రెండు ముక్కలే వొచ్చు. నాక్కూడా సెప్పినాడు. ఉండు, గురుతు తెచ్చుకోనీ."

ఆమె కళ్లు మూసుకుంది. దిగాల్సిన తామ్వే మలుపు వచ్చింది, కండక్టరు కేక వేశాడు. ఢిల్లేశ్వరరావు లేవలేదు.