పెనం మీద స్పార్క్ ప్లగ్

ఆ రోజుల్లో స్కార్‌బరోలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపలి నుంచి "ఎవర్రా?" అనే వినబడేది. బస్సుల నిండా తెలుగువాళ్లమే, ఉద్యోగాల క్యూల నిండా మేమే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ సప్లై చెయిన్ డిప్లొమాలో చేరిన నన్ను ఎక్కడికి వెళ్లినా ఒకటే అడిగేవారు, "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని. (నిన్నగాక మొన్న దిగినవాణ్ణి, ఎక్కణ్ణుంచి తేను? చెక్-ఇన్ బ్యాగులోనా?) ఆ కోపం కడుపులో పెట్టుకుని తిరుగుతుండగా నాకో పాత చైన్‌సా, అదే, చెట్లు కోసే పెట్రోలు రంపం దొరికింది.

దొరకడమంటే, మేం బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇంటి ఓనరు గారు పారేయమని ఇచ్చారు. ఆయనది గుంటూరు, ఐటీ ఉద్యోగం. ఏది పాడైనా "డిస్పోజ్ చేసెయ్" అంటారు కనుక మేం డిస్పోజల్ అంకుల్ అని పేరు పెట్టుకున్నాం. ఆయనకు ఇల్లు అమ్మినవాళ్లు షెడ్డులో వదిలేసిపోయిన రంపమది, తుప్పూ జిడ్డూ తప్ప ఏమీ కనబడదు. "నేను బాగుచేస్తా అంకుల్" అన్నాను. "నీ వల్ల ఏమవుద్దయ్యా? యూట్యూబ్ చూస్తే ఇంజన్లు బాగవుతాయా? పారెయ్" అన్నారు. ఆ మాటతో నాకు ఎక్కడ లేని మొండితనం వచ్చింది.

షెడ్డులో కూర్చుని కార్బురేటర్ విప్పి కడిగాను, గట్టిపడిన పెట్రోలు గొట్టం మార్చాను, ఆకురాయితో చైన్ పళ్లకు పదును పెట్టాను. నా రూమ్మేటు ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పొయ్యబోతే అరిచి ఆపాను. నాన్నగారి పాత స్కూటరులో ఆయిల్ కలిపి పోయించిన చెయ్యి నాది! అయినా తాడు ఎంత లాగినా దగ్గడమే తప్ప అది స్టార్ట్ కాలేదు. విప్పి చూస్తే స్పార్క్ ప్లగ్ పెట్రోలుతో తడిసిపోయింది. స్కూటరు మొరాయిస్తే నాన్నగారు ప్లగ్ తుడిచి, వెచ్చబెట్టి, వేడిమీదే బిగించేవారు. నేనూ తుడిచి తీసుకెళ్లి మా దోసెల పెనం మీద పెట్టాను.

పైన ఓనర్ల ఇంట్లో అంకుల్ భార్య, మా ఆంటీ పెట్టిన ప్రార్థన కూడిక జరుగుతోంది. పెట్రోలు ఘాటు హీటింగ్ గొట్టాల్లోంచి నేరుగా అక్కడికే వెళ్లింది. అంకుల్ పరుగున దిగొచ్చారు. "ఇంకోసారి ఈ వాసనొచ్చిందా, నెలాఖరుకి రూమ్ ఖాళీ చెయ్!" రూమ్ దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టమైన కాలం. "పారేయ్‌రా భై, ఈ చలిల ఏడికి పోతవ్?" అని వరంగల్ రూమ్మేటు బతిమాలాడు. పారెయ్యనన్నాను. రోడ్డున పడ్డా సరే, రంపంతోనే పడతానన్నాను.

ఆ వారంలోనే మంచువాన కురిసింది. పొద్దున లేచేసరికి మేపుల్ కొమ్మ విరిగి డ్రైవ్‌వే మీద అడ్డంగా పడి ఉంది, కార్లు రెండూ దాని వెనక. ఆంటీ నర్సు, డ్యూటీకి వేళవుతోంది. చెట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. అంకుల్ కూరగాయల కత్తి పట్టుకుని కొమ్మ చుట్టూ తిరుగుతున్నారు. నేను రంపం తెచ్చి తాడు లాగాను. దగ్గింది. ప్లగ్ విప్పి తుడిచి, అంకుల్ కళ్లలోకి చూస్తూ, "వెచ్చబెట్టాలి" అన్నాను. ఆయన నోరు తెరిచేలోపే ఆంటీ, "నా పొయ్యి మీదే పెట్టు నాయనా, పెనం కూడా నాదే తీసుకో!" అన్నారు.

వేడి ప్లగ్ బిగించి లాగితే అది వీధంతా వినబడేలా అరిచింది. నేనూ అరిచాను. కొమ్మ ముక్కలయింది, ఆంటీ కారు కదిలింది. పక్కింటాయన వచ్చి మెచ్చుకుంటే అంకుల్ ఛాతీ విరుచుకుని, "అవర్ సా! వుయ్ రిపేర్డ్ ఇట్!" అన్నారు. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఏజాక్స్‌లో సొంత ఇల్లు. ఉద్యోగమంతా స్క్రీన్ ముందే, చేతికి జిడ్డంటదు. ఆ రంపం మాత్రం ఇంకా నాతోనే ఉంది, తాడు నాలుగుసార్లు లాగితే భుజం పట్టేస్తుంది. "బ్యాటరీది కొనుక్కోవచ్చుగా" అంటుంది మా ఆవిడ. ససేమిరా అంటాను. ఈ దేశంలో ఎక్స్‌పీరియన్స్ అడగకుండా నాకు మొదట పని ఇచ్చింది ఆ రంపమే. అందుకే మా ఇంట్లో దోసెల పెనాలు రెండుంటాయి. రెండోదాని మీద దోసెలు పొయ్యం.