పెద్దమ్మ కాదన్న ముఖాలు

సుధామణి ఇంటికి వెళ్ళినవాళ్ళు బిస్కెట్టు తిని కాగితం నలిపి పారేయకూడదు. పారేస్తే ఆవిడకు కోపం వస్తుంది. ఆ కాగితంలో ఎరుపు ఉందా, ఇంకా కోపం. హోసూరులో ఒక రోజాతోట షెడ్డులో పూలు కట్టలు కట్టి పెట్టెల్లో సర్దే పని ఆవిడది. సాయంత్రం వచ్చేటప్పుడు చిరిగిన అట్టలూ రిబ్బను ముక్కలూ సంచిలో వేసుకుని వస్తుంది. పాత పెళ్ళిపత్రికలు, విత్తనాల ప్యాకెట్లు, దర్జీ కొట్టు ముందు రాలిన పేలికలు, సీతాఫలం గింజలు, గొర్రెబొచ్చు... ఆవిడ మంచం కింద లేనిది లేదు. అవన్నీ కత్తిరించి అట్ట మీద అతికించి బొమ్మలు చేస్తుంది. షెడ్డులో తోటివాళ్ళు నెమళ్ళు చేయించుకున్నారు, వినాయకుణ్ణి చేయించుకున్నారు. అవి చేతి తీట తీరడానికి. ఆవిడకు కావలసింది మాత్రం ఒక్కటే, అమ్మ ముఖం.

అమ్మ అంజినమ్మ జవళగిరి దగ్గర గొర్రెలు మేపుకున్న మనిషి. సుధామణి ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే అమ్మ జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో గోడ చెమ్మకు తెల్లబారిపోయింది. కూతురికి గుర్తున్నదల్లా అమ్మ వీపు. గొర్రెల వెనక అమ్మ, అమ్మ వెనక తను. భుజాన నల్ల కంబళి, దాని కింద ఊగే జడ. ఆ వీపును కళ్ళు మూసుకుని కూడా చేసిపెట్టగలదు. ఆ తల ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే ఏం పోయేది! నలభై దాటినా, సంగటి కెలుకుతూ కెలుకుతూ అది తలుచుకుని కళ్ళు తుడుచుకుంటుంది.

ఆ ముఖం తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది. అమ్మకు అక్క, కెంచమ్మ పెద్దమ్మ. జవళగిరిలో ఒంటరిగా ఉంటుంది. పిల్లలు లేరు, మొగుడు ఏనాడో పోయాడు, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

మొదటి బొమ్మను సుధామణి మైదా జిగురుతో అతికించింది. తెల్లారి చూస్తే ముక్కు లేదు, ఎలుకలు తినిపోయాయి. రెండోసారి మంచి గమ్ము కొని తెచ్చింది. ఒంటి రంగు కోసం పాత పేపరును టీ డికాషనులో నానబెట్టి ఆరేసింది. కళ్ళకు సీతాఫలం గింజలు, జుట్టుకు గొర్రెబొచ్చు. చీర అంచుకు సరైన నీలం ఎంత వెతికినా దొరకలేదు.

"నా లుంగీ యాడమ్మే?" అని అరిచాడు మొగుడు జయప్రకాశ్.

"ఆడనే ఉండాది చూడు. అంచొకటే లేదు."

"మీయమ్మకి చీర పెట్టాలంటే నన్నడిగింటే కొత్తదే తెచ్చిస్తును కదా!"

దుప్పట్లో చుట్టి, బొమ్మను చంకలో పెట్టుకుని జవళగిరి బస్సెక్కింది. తళి ఊరు దాటాక దుప్పటి జారింది. పక్కసీటు ముసలాయన గబగబా చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"ఏ ఊరి దేవరమ్మా ఇది?"

"దేవర కాదప్పా, మాయమ్మ."

"అమ్మయినా దేవరే లే" అని ఆయన ఇంకో దండం పెట్టాడు.

పెద్దమ్మ పెట్టలేదు. బొమ్మను గోడకు ఆనించి, అటు తిరిగి ఇటు తిరిగి చూసి, "ఎవురుమ్మే ఇది? సంతలో వడ్డీకిచ్చే ఆయమ్మ మాదిరుండాది. మీయమ్మకి ఇంత నొసలు యాడిది? బుగ్గలు పల్చన. నవ్వితే ఎడమకన్ను చిన్నదయ్యేది" అని తేల్చేసింది. తర్వాత సంగటి పెట్టింది, అనపగింజల పులుసు పోసింది. అడవిలోంచి ఏనుగులు దిగే వేళవుతుంది, బస్సెక్కు అని తొందరపెట్టి, బస్సు కనబడినంతసేపూ రోడ్డు మీదే నిలబడింది.

నెల తిరిగాక మళ్ళీ ఒక ముఖం వెళ్ళింది. అదీ కాదు. ఇంకో నెలకు ఇంకొకటి. "బుగ్గలు నిండుగ ఉండాల" అంది పెద్దమ్మ ఈసారి.

"మొదటితూరి పల్చన అంటివే పెద్దమ్మా?"

"దాన్ని చూసింది నేనా, నువ్వా?"

నవ్వితే కుడికన్ను చిన్నదయ్యేదని పెద్దమ్మ ఇంకోసారి చెప్పినా, వయసు మీద పడింది పాపం అనుకుని సుధామణి కుడికన్నే చిన్నది చేసింది.

మార్గశిరం చలికి కెంచమ్మ మంచం పట్టిందని పక్కింటి ఈరప్ప ఫోన్ చేశాడు. సుధామణికి పైప్రాణాలు పైనే పోయాయి. పెద్దమ్మ ఏమవుతుందోననా, ఆమెతోపాటు అమ్మ ముఖం కూడా పోతుందనా అంటే ఆవిడకే తెలియదు. షెడ్డుకు సెలవు పెట్టి, ఆ మధ్యనే ముగించిన బొమ్మను చంకలో పెట్టుకుని, కత్తెర, అట్టలు ఉన్న సంచి భుజాన తగిలించుకుని వెళ్ళింది. ఈసారి అవుననిపించుకోకుండా వెనక్కి రాకూడదని గట్టిగా అనుకుంది.

కెంచమ్మ మంచం మీద లేచి కూర్చుని చాలాసేపు చూసింది. "అంతా బాగుండాది. ముక్కే..." అంది.

సుధామణికి ఒళ్ళు మండింది. "ముక్కు నువ్వు చెప్పినట్లే పెట్టినాను! ఇంక నా చేత కాదు పెద్దమ్మా. ఇది అమ్మ కాకపోతే ఇంక నేను బొమ్మా తేను, ఏమీ తేను."

కెంచమ్మ ముఖం వాడిపోయింది. కంబళి అంచు వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది.

"కోపం చేసుకోవద్దు తల్లీ. నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"దాని మొగం. మరుపొచ్చి శానా ఏండ్లాయ. గొంతు గ్యాపకముండాది, నడక గ్యాపకముండాది. మొగమే రాదు."

"మరి అది కాదు ఇది కాదని ఎందుకంటివి?"

"అవునంటే పని అయిపోయె. మళ్ళా ఈ ముసల్దాని కాడికి నువ్వెందుకొస్తావు? నువ్వు మూట చంకన పెట్టుకొని బస్సు దిగేది చూస్తే నాకు పానం లేసొచ్చేది."

"మోసం చేస్తివి పెద్దమ్మా!" అని సుధామణి గట్టిగా అరిచింది. అరిచి నేల మీద కూలబడింది. అమ్మ ముఖం తెలిసినవాళ్ళు ఇంక ఎక్కడా లేరు. అమ్మ ఇప్పుడే, ఈ పూటే పోయినట్టుంది. ఐదేళ్ళప్పుడు అమ్మ పోతే ఏడవాలని తెలియని పిల్ల ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

కెంచమ్మ కూడా ఏడ్చింది. "నా చెల్లెలు. ఈ చంకన ఎత్తుకొని పెంచినాను. దాని మొగమే నాకు రాకపాయె చూడు."

ఏడ్చి ఏడ్చి ఇద్దరూ అలిసిపోయారు. సుధామణి తలెత్తింది. వాకిలి వెలుతురు పెద్దమ్మ మీద పడుతోంది. ఇన్ని నెలలుగా అవునంటుందా కాదంటుందా అని ఆ నోటినే కనిపెట్టుకుని కూర్చుంది తప్ప, ఆ ముఖాన్ని చూడలేదు. కమ్మల బరువుకు సాగిన చెవులు, గడ్డం మీద మచ్చ, ఏడుపుకు ఉబ్బిన రెప్పలు. రేపు ఇదీ గుర్తుకు రాకపోతే ఎవరిని అడగాలి? భయం వేసింది. సంచిలోంచి కొత్త అట్ట, కత్తెర తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇట్ల వెలుగు తట్టు తిరుగు పెద్దమ్మా."

"ఎందుకుమ్మే?"

"నిన్ను చేస్తాను."

కెంచమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. జుట్టు వెనక్కి దువ్వుకుంది. వెలుగు తట్టు తిరిగి కూర్చుని, మెల్లగా అడిగింది.

"ఇదెప్పటికి అయిపోతాది?"

సుధామణి కత్తెర పక్కన పెట్టింది.

"ఇది ఇప్పుడప్పుడే అయ్యేది కాదులే పెద్దమ్మా" అంది.