చిల్లుపడిన పట్టుగూడు

కోసిన మల్బరీ ఆకు తడివాసన వీధిలో ఎదురైతే చాలు, ఈ వయసులోనూ నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. కెలమంగలం బడిలో వేలాడుతున్న మా అక్క బొమ్మ గీసింది నేనే. ఊరంతా కదిలివచ్చి మార్చమన్నా ఒక్క గీత మార్చనిదీ నేనే.

మా చిన్నప్పుడు ఇంట్లో మనుషులకన్నా పట్టుపురుగులకే చోటెక్కువ. నడవ నిండా వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు, ఆకు వేయగానే పెంకుల మీద సన్నవాన పడుతున్నట్టు అవి నమిలే చప్పుడు. ఆ చప్పుడులోనే రాగిముద్ద తినేవాళ్లం, ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. పురుగులు గూళ్లు అల్లడం ముగియగానే నాయన వాటిని సంతకు చేర్చేవాడు. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూడు చిల్లుచేసుకుని బయటపడుతుంది. ఆ గూటినుంచి ఇక దారం రాదు. మా ఇళ్లలో చిల్లుగూడంటే పరువు తక్కువ. అక్క మాత్రం ఎనిమిదేళ్లప్పుడే గుప్పెడు గూళ్లు అటకమీది కుండలో దాచింది, ఏం బయటికొస్తుందో చూడాలని. నాయనకు దొరికిపోయాం. ఇద్దరికీ దెబ్బలు పడ్డాయి.

ఆ అక్కే పెద్దదై పట్టుపురుగుల శాస్త్రవేత్త అయింది; తల్లిపురుగులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, రోగం లేని గుడ్లు రైతులకు అందించే పనిలోనే జుట్టు నెరిసింది. తొంభైలలో ఆమె ఉద్యోగ విరమణ చేసినప్పుడు బడివాళ్లు ఆమె బొమ్మ గీసిమ్మని నన్నడిగారు. హోసూరులో లారీల వెనక నెమళ్లు గీసి బతికినవాణ్ణి. సూక్ష్మదర్శిని, మల్బరీ కొమ్మ, అక్క అరచేతిలో చిల్లుగూడు, దాని పక్కన గుడ్లు పెడుతున్న రెక్కలపురుగు, అన్నీ పెట్టాను.

పట్టు రైతు మునెప్ప చూసి ముఖం చిట్లించాడు.

"ఏమప్పా, అంత చదివిన ఆడబిడ్డ చేతిలో పనికిరాని గూడు పెట్టినావు? పొరుగూరోళ్లు చూస్తే నవ్వరా?"

ఇక నిజం చెప్పేస్తాను. ఊరంతా రాలేదు, వచ్చింది మునెప్ప ఒక్కడే. ఆయన వీధి మలుపు తిరిగేలోగా తెల్లరంగుతో చిల్లు పూడ్చేశాను. మర్నాడు తెర తీస్తారనగా అక్క వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"రేయ్, గూడు మూసుండాదే, ఈ పురుగు యాణ్ణించి వచ్చిందిరా? కిటికీలోంచా?"

"నలుగురూ నవ్వుతారని, అక్కా..."

"నవ్వనీ. బతుకంతా ఆ చిల్లుతోనే అన్నం తిన్నాను. తెరువు."

తెరిచాను. మర్నాడు తెర తీశాక మునెప్పే పిల్లల్ని ముందుకు తోసి, "ఆ చిల్లు లేకుంటే మనకు గుడ్లు యాడివి?" అని తనే కనిపెట్టినట్టు చెప్పాడు. అక్క నవ్వింది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు వెదురు తట్టలు లేవు. పురుగులకు కొమ్మలకు కొమ్మలే వేసేస్తున్నారు. వాటి పక్కన పడుకునేవాళ్లూ లేరు. ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"ఇద్దరికీ దెబ్బలా? నాయనకు కుండ చూపించి బెల్లంముక్క తీసుకున్నోడివి నువ్వు. తన్నులు తిన్నది నేనొక్కదాన్నే."