మా ఆవిడకు నేను పెట్టిన మౌనవ్రతం

శాలిబండలో మా గాజుల దుకాణం మూడు వందల ఏళ్ల నాటిది. నవాబుల ఇళ్లకు గాజులు మా గల్లీ నుంచే ఏనుగుల మీద వెళ్లేవి. ఈ మాట కనీసం వెయ్యి మందికి చెప్పి ఉంటాను. నిజానికి దుకాణం పెట్టింది మా నాన్న. మా గల్లీలో ఏనుగు సంగతి దేవుడెరుగు, ఆటో తిరగాలన్నా అద్దం మడవాలి.

మా ఆవిడ గురించి చెప్పేది మాత్రం రవ్వంత కూడా పెంచడం లేదు. వచ్చిన ఆడమనిషి చెయ్యి పట్టుకుని, బొటనవేలి ఎముక దగ్గర ఒక్కసారి నొక్కి, కళ్లు మూసుకుని గాజు కొలత చెప్పేసేది. "రెండు నాలుగు." "రెండు ఆరు." అంకె పెరిగితే గాజు పెద్దదన్నమాట. "నీది రెండు ఎనిమిది బిడ్డా. రెండు ఆరు అని ఎవలన్న అన్నరంటే నిన్ను ఉబ్బిస్తున్నరు," అని నవ్వించేది. నలభై ఏళ్లలో ఆమె కొలిచిన గాజు తిరిగి రాలేదు. సరే, నాలుగైదు సార్లు వచ్చి ఉంటుంది.

అలాంటి మనిషి మూడేళ్ల కిందట ఒక పెళ్లికూతురిని "పెండ్లెప్పుడు బిడ్డా?" అని ఒక్క గంటలో ఆరుసార్లు అడిగింది. కట్టిన గాజుల పొట్లం విప్పి మళ్లీ కట్టింది. తర్వాత ఎదురుగా ఉండే దర్జీని, పాతికేళ్లుగా తన రవికెలు కుట్టినవాణ్ని, ఎవరన్నట్టు చూసి మొహం తిప్పేసుకుంది.

డాక్టర్ దగ్గరకు తీసుకుపోవలసింది. నేనేమో దుకాణం ఇజ్జత్ పోతుందని, నాకు బాగా చేతనైన పని చేశాను. "మా ఇంటామె మౌనవ్రతం వట్టింది. నలభై దినాలు ఎవ్వరు పలకరియ్యొద్దు," అని గల్లీ అంతా చెప్పి వచ్చాను.

నలభై రోజులయ్యాయి. కార్తీకం దాకా పొడిగించాను. ఆ తర్వాత ఉగాది దాకా.

"ఏంది సేటూ, అమ్మ దీక్ష సర్కారు స్కీము లెక్క పెరుగుడే గాని తగ్గుడు లేదా?" అన్నాడు దర్జీ.

"భక్తి రా అది. నీకేం తెలుస్తది?" అన్నాను.

ఇంట్లో సంగతి వేరు. ఆమెకు నేనెవరో తెలియని రోజులు మొదలయ్యాయి. "అన్నా, నీ ఇల్లెక్కడ?" అనేది. పెళ్లాం నోట అన్నా అని వినడం ఎలా ఉంటుందో రాయడం నా చేత కాదు. "అన్న ఏంది? నేను నీ మొగుణ్ని!" అని అరిచేవాణ్ని. ఆమె ఏడ్చేది. కోడలు వచ్చి సముదాయించేది.

ఒక మధ్యాహ్నం నేను లోపల సరుకు డబ్బాలు సర్దుతుండగా ఆమె దుకాణం దిగి వెళ్లిపోయింది. డబ్బాలు సర్దడం అబద్ధం. చాయ్ హోటల్లో కూర్చుని ఏనుగుల కథ చెబుతున్నాను. వచ్చి చూస్తే గల్లా ముందు ఆమె లేదు.

దర్జీని అడిగాను.

"ఇప్పుడే గిట్ల పోయింది సేటూ. లేచి దండం గూడ పెట్టిన."

"ఆపలేదారా?"

"దీక్షల ఉన్నది, మాట్లాడొద్దంటివి గద!"

మలుపులో అత్తరు దుకాణం భాయ్ కూడా చూశాడట. "మౌనవ్రతమంటే ఖామోషీ కా రోజా అన్నవు గద సేట్. అందుకే రాస్తా ఇచ్చిన," అన్నాడు. పండ్ల బండివాడైతే ఆమె దాటేదాకా బండి పక్కకు లాగి నిలబడ్డాడట. అంత మంది చూశారు. నా మాట మీద గౌరవంతో ఒక్కరూ ఆపలేదు.

పాతబస్తీ మొత్తం కాలినడకన గాలించాను. లేదు, మూడో మలుపు దగ్గరే ఒక అరుగు మీద కూలబడి ఏడ్చాను. గాలించింది కొడుకూ, దర్జీనూ.

ఎండ వాలేవేళకు ఫోన్ మోగింది. ఊరి చివర జల్‌పల్లిలో చిన్న గాజుల దుకాణం నడుపుకునే ఒక తురక అమ్మాయి. మా దగ్గరే సరుకు కొనేది.

"సేట్, అమ్మ నా దుకాన్ల ఉన్నది. ఫికర్ చెయ్యకు. షేర్ ఆటో దిగి, గాజులు చూసి లోపలికొచ్చింది."

పరుగున వెళ్లాం. మా ఆవిడ దర్జాగా గల్లా దగ్గర కూర్చుని, వరుసగా ఆడవాళ్ల చేతులు నొక్కుతూ కొలతలు చెబుతోంది. నన్ను చూసి, "ఏం కావాలన్నా?" అంది.

అందరి ముందూ నాకు తిక్క రేగింది. "నీ మొగుణ్ని! ఇంటికి నడువ్!" అన్నాను. ఆమె బెదిరిపోయి ఆ అమ్మాయి వెనక దాక్కుంది.

ఆ అమ్మాయి నన్ను బయటికి తీసుకొచ్చింది. "లొల్లి చెయ్యకు సేట్. మస్తు చిక్కిపోయింది, మొఖం చూసి నేను గూడ పోల్చలే. నా చెయ్యి వట్టి నొక్కంగనే తెలిసింది. ఆ నొక్కుడు నాకు నేర్పింది అమ్మనే గద. మా అమ్మీకి గిదే బీమారి ఉండె. ఎన్ని దినాలు దాస్తవు? పెద్దాసుపత్రిల బుధవారం బుధవారం చూస్తరు. ఇంట్లోల్లను గూడ కూసోబెట్టి మాట్లాడుతరు. పో," అంది.

బుధవారం వెళ్లాం. డాక్టర్ మొదట రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, విటమిన్ లోపాల వల్ల కూడా మతిమరుపు వస్తుందట. అవేవీ కాదని తేలాక డిమెన్షియా అన్నారు. ముసలితనం కాదు, మెదడుకు వచ్చే జబ్బు. మందులతో పూర్తిగా పోదు గానీ, తీరుగా చూసుకుంటే ఆమెకు మంచి రోజులు చాలా ఉంటాయన్నారు.

పక్క గదిలో మాలాంటి ఇళ్లవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నా వంతు రాగానే మొదలుపెట్టాను. "అంత నేనే చేస్త. తానం నేనే, బువ్వ నేనే, జడ గూడ నేనే ఏస్త."

అక్కడి మేడం మెల్లగా, "మరి మీకు విశ్రాంతి ఎవరిస్తారు సార్?" అని అడిగారు.

ఎవరూ నన్ను అలా అడగలేదు. "నేనేం చెయ్య మేడం. మా కోడలు చేస్తది. నేను అరుస్త, గంతే," అన్నాను. పక్కనున్న పెద్దాయన తన చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు.

"ఆమెతో వాదించకండి. ఆమె ఏ లోకంలో ఉంటే మీరూ అక్కడికే వెళ్లండి," అన్నారు మేడం. "బయట మాత్రం నిజం చెప్పండి. అందరికీ తెలిస్తేనే అందరూ కాపలా కాస్తారు."

నేను సరిగ్గా తిరగేసి చేశాను: బయట అబద్ధం, ఇంట్లో నిజం.

మర్నాడు దుకాణం దుకాణం తిరిగి చెప్పాను. దర్జీ కత్తెర కింద పెట్టాడు. "బీమారా? నా మీద కోపమొచ్చి మొఖం తిప్పుకుందనుకుంటి సేటూ, ఇన్ని దినాలు," అన్నాడు.

మెడలో చిరునామా చీటీ వేస్తే ఆమె పీకేసింది. అందుకని వెండి గాజు మీద మా ఫోన్ నంబరు చెక్కించాను. కొలత రెండు ఆరు. అది మాత్రం తియ్యదు. ఇప్పుడు కోడలికి వారంలో రెండు పూటలు సెలవు. ఆ పూటలు నావి. జడ వేయడం నేర్చుకుంటున్నాను, వంకరగానే వస్తోంది.

పోయిన నెల మళ్లీ దిగి నడిచింది. పండ్ల బండివాడు బత్తాయి ఒలిచి ఇచ్చాడు, అత్తరు భాయ్ చెయ్యి చాపి కొలిపించుకున్నాడు, దర్జీ వెంట నడిచి ఇంటికి తెచ్చాడు. ముగ్గురి చేతులూ నొక్కి కొలతలన్నీ తప్పే చెప్పిందట. ఎవరూ సరిదిద్దలేదు.

నిన్న సాయంత్రం నేను కొనుగోలుదారులా దుకాణం మెట్లెక్కాను.

"ఏం కావాలన్నా?"

"గాజులమ్మా. మా ఇంటామెకు."

"కొలత?"

"యాది లేదు."

"గిట్లాంటి మొగోల్లను మస్తు మందిని చూసిన," అని పకపకా నవ్వింది. నా చెయ్యి లాక్కుని బొటనవేలి దగ్గర నొక్కింది. చాలాసేపు వదల్లేదు. "నీ చెయ్యి వట్టుకుంటే ఏం తెలుస్తది? ఆమెను తోల్కరా. చెయ్యి చూడకుంట నేను గాజు ఇయ్య."

"మంచిదమ్మా. రేపు తోల్కొస్త," అన్నాను.

ఈ అబద్ధం రోజూ చెబుతున్నాను.