ఆగని ఇంజన్

తొర్రూరు బస్టాండులో డ్రైవర్ బస్సు ఇంజన్ ఆపుతుంటే, నా పక్క సీటతను ముందున్న రాడ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. చప్పుడు పూర్తిగా ఆగాకే వదిలాడు.

“ఏమైందన్నా?” అన్నాను.

“మెకానిక్‌కు పైసలెందుకని మా లారీ ఇంజన్ నేనే విప్పి బిగించిన. మా ఆమెను క్యాబిన్‌ల కూసోబెట్టి స్టార్ట్ చేయించిన. ఇంజన్ ఒక్కతీరుగ మొత్తుకున్నది. బంద్ చెయ్యమన్న. ఆమె తాళంచెవి తీసి చూపెట్టింది. అయినా ఆగలే. లోపల లీకైన ఆయిల్‌నే తాగుకుంట ఇంకా స్పీడయితాంది. పేలుతదని నేను ఉరికిన.”

“మరి ఆమె?” భయపడుతూనే అడిగాను.

“లోపల్నే ఉన్నది. ఇంజన్ పట్టేసి అదే ఆగింది. ఆమెకేం కాలే. ఎందుకు ఉరికినవని ఇప్పటిదాక అడగలే.”

వరంగల్‌లో దిగిపోయాడు. ఇప్పటికీ కారు ఆపాక, చప్పుడు పోయేదాకా నేను మా ఆవిడ చెయ్యి వదలను.